బియ్యం కడుగుతో కరెంటు

మొదటి రోజే ఆమె నన్ను “నువ్వు” అంది. వయసులో నాకంటే చాలా చిన్నది. ఆంగ్ మో కియో పారిశ్రామిక వాడలో ఒక పాత భవనం, మూడో అంతస్తులో పొడుగాటి గది, గది నిండా గొట్టాలూ సీసాలూ. వాటి మధ్యనుంచి తలెత్తి, “తెలుగా అక్కా నువ్వు? మంచిగైంది. ఆ బురద డబ్బా జర ఇటు అందియ్యి,” అంది. మాది గోదావరి జిల్లా. ఆఫీసులో అప్పుడే అడుగుపెట్టిన పెద్దదాన్ని మా వైపు ఎవరూ అలా పిలవరు. కరీంనగర్ వాళ్లకి అది చనువేగాని చిన్నచూపు కాదని మా ఆయన చెప్పాడు. తర్వాత ఇంకా చాలామంది చెప్పారు. నిజమే అయివుండచ్చు. నేను మాత్రం మర్చిపోలేదు. బురద డబ్బా అయితే అందించాను.

ఆ గదిలో నాకు జరిగినవన్నీ గుర్తున్నాయి. నా బల్లని బురద దాచే ఫ్రిజ్ పక్కన వేశారు. ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడల్లా ఆ వాసన ముందుగా నాకే తగిలేది. మా బాస్ స్థానిక చైనీస్ పెద్దాయన. నాకంటే ముందు పనిచేసి వెళ్లిపోయిన ఇంకో ఇండియన్ ఆవిడ పేరుతో నన్ను నెలల తరబడి పిలిచాడు. గోడమీద అంటించిన పెద్ద పోస్టర్లో అందరి పేర్లూ ఉన్నాయి, నాది లేదు. ఒకసారి అందరం కలిసి మకాన్‌కి, అంటే భోజనానికి, వెళ్దామని సముద్రం ఒడ్డు హోటలుకి తీసుకెళ్లారు. బల్లనిండా పీతలూ చేపలూ. నేను తెల్లన్నం, దోసకాయ ముక్కలు తిని వచ్చాను. శాకాహారినని చేరిన రోజే చెప్పాను.

అయినా ఈ నాలుగు పేజీలూ ఆమె గురించే. ఇన్నేళ్లు ఈ దేశంలో ఉండి, పనిలో అంత నిక్కచ్చిగా ఉన్న మనిషిని మళ్లీ చూడలేదు. నాకు నష్టం చేసిన మనుషుల్లో కూడా ఆమె పేరు ఉంటుంది. రెండూ నిజమే.

పని ఏమిటో చెప్పాలి. మనం తిన్న తిండిలోంచి శక్తి తీసుకున్నాక మిగిలిన ఎలక్ట్రాన్లని పీల్చిన ఆక్సిజన్‌కి అప్పగిస్తాం. ఊపిరి తీయడం అంటే అదే. కాలవ అడుగున, గాలి సోకని బురదలో బతికే కొన్ని బాక్టీరియాకి ఆ వీలు లేదు. అవి ఎలక్ట్రాన్లని తమ చుట్టూ ఉన్న ఇనుప తుప్పులాంటి వాటికి అప్పగించి బతుకుతాయి. తుప్పు బదులు మనం దళసరి కార్బన్ గుడ్డ ఒకటి పెడితే, దానికీ అప్పగిస్తాయి. గుడ్డనుంచి ఒక తీగ తీసి, గాలి తగిలే ఇంకో పలకకి కలిపితే, ఎలక్ట్రాన్లు ఆ తీగలోంచి నడుస్తాయి. నడిచే దారిలో మన పని ఏదైనా చేయించుకోవచ్చు. ఇంతే. కంటికి కనపడని ప్రాణి ఒకటి మురికి తిని, తీగలోకి ఊపిరి వదులుతుంది. నేను కెమికల్ ఇంజనీరింగ్ చదివినదాన్ని. ఆ సంగతి పుస్తకంలో ఎప్పుడో చదివాను కూడా. మీటరు మీద ముల్లు కదలడం మొదటిసారి చూసిన రోజున మాత్రం ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు.

ఇలా గుడ్డా పలకా కలిపిన ఒక్కో సెల్ ఇచ్చేది అర వోల్టు కూడా ఉండదు. అంత కొంచెం కరెంటుతో ఏం చేయచ్చో, ఈ ప్రాజెక్టు నడిపే ఆమె ఎప్పుడో నిర్ణయించుకుంది. చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో గిన్నెలూ పళ్లేలూ కడిగే చోట, నీళ్లు పోయే కాలవలో ఒక పెట్టె పెట్టాలి. నీళ్లతో వచ్చే మెతుకులూ పిండీ పెట్టెలోని బాక్టీరియా తినాలి. అవి ఇచ్చే కరెంటు బొట్టుబొట్టుగా ఒక కెపాసిటర్లో నిండాలి. అది నిండగానే సెన్సర్ మేలుకొని, నీళ్లు ఎంత మురికిగా ఉన్నాయో కొలిచి, ఫోనుకి కబురు పంపి, మళ్లీ నిద్రపోవాలి. బ్యాటరీ ఉండకూడదు. వైరు లాగకూడదు.

డబ్బు ఇచ్చిన వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే. ఏడాది చివర సమీక్ష నాటికి ఆ సెన్సర్ గంటకొకసారి కబురు పంపగలగాలి. పంపితే రెండో దశ ఉంటుంది. లేకపోతే మూసేస్తారు. ఈ విషయం ఆమె నాకు రెండో రోజే చెప్పింది, టీ తాగుతూ, వాన పడుతుందేమో అన్నంత మామూలుగా.

“ఇది పోతే నేను గూడ పోతా అక్కా. ఈడ పనిచేసుకోనిచ్చే నా పాస్ దీని మీదనే ఉంది. హౌగాంగ్‌ల రూమ్ ఖాళీ జేసి బ్యాగ్ సదురుకునుడే.”

“వెళ్తే అక్కడ ఉద్యోగం దొరకదా?”

“నాకు దొరుకుతది. ఏదో ఒక కాలేజీల పాఠం చెప్పుకుంట బతుకుత. ఈ డబ్బాకే దొరకది. నేను పోతే దీన్నెవ్వరు ముట్టరు.”

ఆమె పని పద్ధతి ఒకటి ఉంది. ఏ సెల్‌లోనైనా కరెంటు పడిపోయినా, పెరిగినా, వెంటనే మూత తీయనిచ్చేది కాదు. ముందు గోడమీద తెల్లబోర్డు దగ్గరికి వెళ్లి, కారణం ఏమై ఉంటుందో ప్రతివాళ్లూ తమ ఊహ రాయాలి. రాసి, కింద పేరు పెట్టాలి. అప్పుడే మూత తీయాలి. ఊహ తప్పైతే తుడిచేయకూడదు. పక్కన తప్పు గుర్తు పెట్టి అలా వదిలేయాలి. బోర్డు మీద అన్నిటికంటే ఎక్కువ తప్పులు ఆమెవే ఉండేవి. బయటినుంచి ఎవరైనా పెద్దలు చూడటానికి వస్తున్నారంటే బాస్ ఆ బోర్డు తుడవమనేవాడు. ఆమె తుడిచేది కాదు. “చూసినంక చెప్పుడు అందరికొస్తది. చూడకముందు చెప్పి తప్పు పడ్డప్పుడే మనకేం తెల్వదో తెలుస్తది,” అనేది. నాకు మొదట్లో ఆ బోర్డంటే ఒళ్లు మండేది. నా చేతిరాతలో నా తప్పు నెలల తరబడి అందరికీ కనపడుతూ ఉండటం ఎవరికి బాగుంటుంది?

హాకర్ సెంటర్ నీళ్లు తెచ్చుకోవడానికి అనుమతి అడిగారు. అది రావడం లేదు. అప్పటిదాకా బాక్టీరియాకి సీసాల్లో వచ్చే ఒక మందు తిండి పోసేవాళ్లం. “ఇది వీటికి ఆస్పత్రి గంజి అక్కా. అసలు వంటింటి నీళ్లు దాపితే గద ఎంత బలమో తెలిసేది,” అంది ఒకరోజు. నా నోటినుంచే వచ్చింది ఆ మాట: “మా ఇంట్లో రోజూ బియ్యం కడుగు పారబోస్తాం.” ఆమె నావైపు అలా చూసి, “రేపటిసంది పారబోయొద్దు,” అంది. దాచి ఉంచుతావా, తెస్తావా అని అడగలేదు. ఆజ్ఞ.

అలా టాంపినీస్‌లో మా ఫ్లాట్ నుంచి రోజు మార్చి రోజు బియ్యం కడుగు డబ్బాలో పోసుకొని ట్రైన్లో మోశాను. పక్కన కూర్చున్నవాళ్లు లేచి వెళ్లిపోయేవాళ్లు. ఒక ముసలావిడ సోయా పాలా అని అడిగింది. బడికి నాతోపాటు బయల్దేరే మా అమ్మాయి స్టేషన్లోనే దూరంగా జరిగేది. “అమ్మా, డోంట్ స్టాండ్ నియర్ మీ లా. సో స్మెల్లీ,” అనేది, ఇక్కడివాళ్లలాగే మాట చివర “లా” తగిలించి. ఇంట్లో వంటగది మా అత్తగారిది. బియ్యం కడిగేదీ ఆవిడే. “మా ఊళ్లో గేదెకి పోసేవాళ్లం. ఇక్కడ ఇంజనీర్లకి పోస్తున్నాం,” అంది మొదటి డబ్బా నింపుతూ.

కార్బన్ గుడ్డని మేము బల్లపరుపుగా పెట్టేవాళ్లం. నాకు దాన్ని చూసినప్పుడల్లా ఒకటే అనిపించేది: ఆరు గజాల చీరని నడుం దగ్గర ఇంత చోట్లో ఇముడుస్తున్నాం కదా, ఈ గుడ్డనీ అలా మడతలు పెడితే అదే పెట్టెలో ఎక్కువ గుడ్డ పడుతుంది, మడతల మధ్య నీళ్లూ పారతాయి. ఒకరోజు అందరూ ఉన్నప్పుడు ఆ మాట అన్నాను. ఆమె నవ్వింది. “చీర కాదక్కా ఇది, కుచ్చిళ్లు పెట్టనీకి.” అక్కడితో ఆగితే బాగుండేది. తెలుగు రాని మిగతావాళ్లకి ఇంగ్లీషులో విడమరిచి చెప్పింది. వాళ్లూ నవ్వారు.

నేను పంతం పట్టాను. ఆ మధ్యాహ్నమంతా టైటానియం తీగతో, వేళ్లు గీరుకుపోతుంటే, సమానమైన మడతలు వేసి కుట్టాను. తీసుకెళ్లి ఆమె బల్లమీద పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, మడత మడతకీ మధ్య గోరు దూర్చి చూసి, “ఇంకో మూడు కుట్టు. పెట్టెల మొత్తం ఇవే పెడదాం,” అంది. ఇది మాత్రం చెప్పుకోవాలి. పొద్దున నవ్వింది, సాయంత్రానికి తను నెలలు పెంచిన పెట్టెని నా కుచ్చిళ్లకి ఖాళీ చేసింది. నవ్వినందుకు క్షమించమని అనలేదు. అది వేరే సంగతి.

కొత్త గుడ్డకి బాక్టీరియా పట్టడానికి వారాలు పట్టింది. పట్టాక కరెంటు మునుపటికంటే కొంచెం బాగుంది. మరీ గొప్పగా ఏం లేదు. తర్వాత ఒక సోమవారం, కొత్త డబ్బాలోని కడుగు పోసిన పూటే, ఒక్కసారిగా పైకి లేచింది. కెపాసిటర్ గంట తిరక్కుండా నిండింది. సెన్సర్ కబురు పంపింది. మళ్లీ గంట లోపే ఇంకోటి. బాస్ కుర్చీలోంచి లేచి వచ్చి నన్ను నా సొంత పేరుతో పిలిచాడు. ఆ వారంలోనే కొత్త పోస్టర్ వేయించాడు, అందులో నా పేరు రెండోది. కుచ్చిళ్లతో నా ఫోటో తీశాడు. ఇంటికి వచ్చి మా ఆయనకి చూపించాను. అత్తగారికి చూపించాను. సరిగ్గా పడలేదని మా అమ్మాయి అంటే దాని మీద కోప్పడ్డాను.

బోర్డు మీద అందరం ఊహ రాశాం. నేను “కుచ్చిళ్లు” అని పెద్ద అక్షరాలతో రాశాను. బాస్ అదే రాశాడు, మిగిలినవాళ్లూ అదే రాశారు. ఆమె చివర్లో వచ్చి “నీళ్లు” అని రాసి, కింద పేరు పెట్టి వెళ్లిపోయింది.

నేను వెంటపడ్డాను. “ఏం, నా కుచ్చిళ్లతో రాకూడదా?”

“ఎందుకు రావద్దు? వచ్చింది. కొంచెం వచ్చింది, మొదటి వారాలల్ల. ఇప్పుడొచ్చింది అది కాదక్కా. కుచ్చిళ్లు పెట్టి ఎన్ని రోజులైంది? రావాలంటే అప్పుడే రావాలె. ఆగి, ఒక్క పూటల గిట్ల ఎందుకు లేస్తది? ప్రాణమున్నది ఏదీ ఒక్క పూటల గంత పెరగది.”

“మరి నీళ్లేం చేశాయి?”

“అదే తెల్వది.”

ఆ రోజు నుంచి అవసరమైతే తప్ప నేను ఆమెతో మాట్లాడలేదు. ఆమె అది గమనించినట్టు కూడా లేదు. అదొక కోపం నాకు. నేను తెచ్చిన డబ్బాలో మీటరు ముంచి చూసింది. నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా నడుస్తుందో చెప్పే మీటరు అది. ముంచి, చూసి, తుడిచి మళ్లీ ముంచింది. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చింది.

“అక్కా, మీ ఇంట్ల బియ్యం ఎట్ల కడుగుతరు?”

“ఎలా కడుగుతారేంటి? నీళ్లతో.”

“నేనొచ్చి చూస్త.”

శనివారం వచ్చింది. చేతిలో మీటరు, ఒక పొట్లంలో అరటిపళ్లు. మా అత్తగారు ఎదురెళ్లింది.

“ఏ ఊరమ్మా మీది?”

“కరీంనగర్ దగ్గర ఆంటీ.”

“అయితే కూరలో ఇంకాస్త కారం వేస్తాను, కూర్చో.”

“కూర్చోను ఆంటీ. మీరు బియ్యం కడుగుతుంటే చూద్దామని వచ్చిన.”

అత్తగారు నావైపు చూసింది. “పెళ్లిచూపుల్లో కూడా నన్నెవరూ ఇలాంటిది అడగలేదే,” అంది. అన్నా, బియ్యం కొలిచి గిన్నెలో పోసి, నీళ్లు వంచి, చేత్తో కలిపి, మొదటి కడుగు డబ్బాలోకి వంచింది. రెండో కడుగూ వంచింది. అంతా మామూలే. ఆమె మీటరు పట్టుకొని గుమ్మంలో నిలబడి రెప్ప వేయకుండా చూస్తోంది. నాకు లోపల కొంచెం సంతోషంగానే ఉంది, ఆమె ఊహ పక్కన తప్పు గుర్తు పడబోతోందని. అప్పుడు మా అత్తగారు పొయ్యి పక్కనున్న జాడీలో చెయ్యి పెట్టి, గుప్పెడు కళ్లుప్పు తీసి డబ్బాలో పోసి మూత బిగించింది.

“అదేంటత్తయ్యా!”

“ఉప్పు.”

“ఉప్పని తెలుసు. ఎందుకేశారు?”

“ఎందుకేంటే? రెండ్రోజులు నిలవుండాలన్నావుగా. ఉప్పు పడకుండా ఏం నిలవుంటుంది? పిల్లేమో కంపు కంపని గోల. మొన్నటి ఆదివారం నుంచీ వేస్తున్నాను. చూడు, ఇప్పుడు కంపు తగ్గిందా లేదా?”

ఆమె గుమ్మానికి జారగిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ కింద కూర్చుంది. మా అత్తగారికి భయం వేసింది.

“ఎందుకు నవ్వుతావమ్మా? చచ్చిపోయినియ్యా ఏంటి అవి?”

“చావలే ఆంటీ. ఎగురుతున్నయ్. మీ చెయ్యి పడ్డ కానుంచి మా పెట్టె గంట గంటకు మెసేజ్ పెడుతున్నది.”

“అయితే ఇంకో గుప్పెడు వేస్తానుండు.”

“వద్దాంటీ, అప్పుడు నిజంగనే చస్తయ్!”

భోజనం దగ్గర ఆవిడకి అంతా వివరించింది. నీళ్లలో ఉప్పు ఉంటే కరెంటు మోసే కణాలు ఈ పలకనుంచి ఆ పలకకి సులువుగా నడుస్తాయి. బాక్టీరియా తిన్నది అదే తిండి, చేసింది అదే పని. వాటికి దారి వెడల్పయింది, అంతే. అత్తగారు శ్రద్ధగా విని, “ఆవకాయ వేసుకోమ్మా,” అంది. ఆమె అంత హాయిగా తినడం నేనెప్పుడూ చూడలేదు. నేను సగంలోనే లేచి కంచం తీసేశాను.

కింద బస్టాపు దాకా దిగబెట్టడానికి వెళ్లాను. అక్కడ అన్నాను. “సమీక్ష దగ్గరపడింది. దీన్ని వదిలేయండి. హాకర్ సెంటర్ నీళ్లలో ఎలాగూ ఉప్పుంటుంది. సోయా సాసు, నూడిల్స్ పులుసు, అన్నీ ఉప్పేగా. మా అత్తగారు వేసిన గుప్పెడు అక్కడ ఊరికే వస్తుంది. మనం అబద్ధం చెప్పినట్టు కాదు.”

“ఉండొచ్చు. కొలిచినమా?”

“కొలవనివ్వలేదుగా వాళ్లు.”

“అంటే కొలవలే. తెల్వది.”

“తెలీదని చెప్తే నువ్వు బ్యాగు సర్దుకోవాలి.” కోపంలో నేనూ నువ్వు అనేశాను.

ఆమె రోడ్డుకేసి చూసింది. బస్సు ఒకటి వచ్చి వెళ్లిపోయింది. ఆమెది అదే.

“నాకు భయం లేదనుకున్నవా అక్కా? రోజు పొద్దుగాల లేస్తే అదే. కానీ తెల్వనిదాన్ని తెలుసని చెప్పి పెట్టె తీస్కపోయి మోరిల పెడత. అది పని చెయ్యది. అప్పుడు ఎందుకు చేస్తలేదో గూడ నాకు తెల్వది. గన్నేండ్లు చేసి ఆఖరికి నాకే తెల్వకుంట పోతే, ఉండి ఏం జేస్త?”

ఇంకో బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

సోమవారం నుంచి ఉప్పులేని కడుగు తెమ్మంది. ఒక సెల్‌లో పక్కన సీసాలో బతికించి ఉంచిన పాత బల్లపరుపు గుడ్డ, ఒకదాంట్లో నా కుచ్చిళ్లు, రెండిటికీ ఒకే డబ్బాలోని నీళ్లు పోసింది. కుచ్చిళ్లు నిజంగానే మెరుగు. మూడో వంతు ఎక్కువ కరెంటు వచ్చింది. దాంతో సెన్సర్ మేలుకునేది గంటకొకసారి కాదు, మూడు గంటలకొకసారి. బోర్డు మీద నా ఊహ పక్కన తనే వచ్చి సగం ఒప్పు గుర్తు, సగం తప్పు గుర్తు పెట్టింది. సగం ఒప్పు ఆ బోర్డు మీద అంతకుముందు ఎవరికీ పడలేదని మిగతావాళ్లు అన్నారు. అది నన్ను ఓదార్చడానికో, నిజమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

బాస్ ఆమెని గదిలోకి పిలిచాడు. తలుపు వేసినా మాటలు నా బల్ల దాకా వినపడ్డాయి. హాకర్ నీళ్లు ఎలాగూ ఉప్పగానే ఉంటాయి లా, నీకు నువ్వే ఎందుకు కష్టం తెచ్చుకుంటావు అంటున్నాడు. ఆమె గొంతు పెంచలేదు. అదే మాట మళ్లీ మళ్లీ చెప్పింది, కొలవలేదు, కొలవలేదు అని. చివరికి ఆయన, సరే, చెప్పేది నువ్వే, పర్యవసానమూ నీదే అన్నాడు. ఆయన మీద నాకున్నవి నాకున్నా, ఆమెని ఆపకపోవడం మాత్రం ఆయన మంచితనమే.

సమీక్ష రోజు నేను వెనక వరసలో కూర్చున్నాను. ఎదురుగా డబ్బు ఇచ్చినవాళ్ల తరఫున ముగ్గురు. ఆమె ముందుగా గొప్పగా లేచిన ఆ గీతనే తెరమీద చూపించింది. వాళ్ల ముఖాలు వెలిగాయి. అప్పుడు, “ఇది మా డిజైన్ కాదు. ఇది ఉప్పు,” అంది. మా వంటింట్లో జరిగింది చెప్పింది. ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక రెండో గీత పెట్టింది. మూడు గంటలకొకసారి అంది. మీరడిగింది ఇది కాదని నాకు తెలుసు అంది. తర్వాత వెనక్కి చెయ్యి చూపించి, మడతలు పెట్టాలన్న ఆలోచన ఆవిడది, నేను మొదట నవ్వాను, ఇందులో మూడో వంతు లాభం ఆవిడ వల్లే అని నా పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా, తప్పు లేకుండా పలికింది. ఆ గదిలో నా పేరు అలా పలికినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ “మూడో వంతు” అనేది అందరి ముందూ చెప్పకపోయినా జరిగేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ముగ్గురిలో ఒకావిడ అడిగింది: “మరి అసలు కాలవ నీళ్లలో సరిపడా ఉప్పు ఉంటుందంటావా?”

“తెలియదు. తెలుసుకోనివ్వండి.”

రెండో దశ ఇవ్వలేదు. షరతు నెరవేరలేదు కాబట్టి ఇవ్వలేమన్నారు. ఆ ఒక్క ప్రశ్న తేల్చుకోవడానికి మాత్రం ఆరు నెలలు గడువిచ్చి, హాకర్ సెంటర్ అనుమతి తామే ఇప్పిస్తామన్నారు. జీతం ఒక్కరికే.

ఆ సంగతి ఆమే నాకు చెప్పింది. బాస్ మెయిల్ పంపుతానంటే వద్దందట. ఫ్రిజ్ పక్కన నా బల్ల దగ్గర నిలబడింది.

“అక్కా, ఒక్కరికే ఉంది. నేనే ఉంటున్న. నీకు నేనే చెప్పాల్నని వచ్చిన.”

“ఉప్పు గీత చూపించి ఊరుకుంటే ఇద్దరం ఉండేవాళ్లం.”

“అవును,” అంది. నా మంచికేననో, ఇంకోటి దొరుకుతుందనో అనలేదు. ఏదో ఒకటి అంటే నేను తిరిగి అనడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఇంటికొచ్చి అత్తగారికి చెబితే ఆవిడ ముఖం మాడిపోయింది. “నా ఉప్పు వల్లేనా?”

“ఉప్పు వల్ల కాదత్తయ్యా. చెప్పడం వల్ల.”

ఆవిడ ఉప్పు జాడీ మూత బిగించి, “పిల్ల గట్టిదే,” అంది. నా ఉద్యోగం పోయిన రోజున మా ఇంట్లో పొగడ్త ఆమెకి దక్కింది.

కొన్ని వారాలు ఫోను లేదు. తర్వాత ఒకరోజు మోగింది. “అక్కా, పెద్ద పెట్టె చేస్తున్న. కుచ్చిళ్లు నువ్వు కుట్టినట్టు నాకు వస్తలేవు.”

“ఏమన్నావు? సరిగ్గా వినపడలేదు.”

“నాకు వస్తలేవు అంటున్న. నువ్వొచ్చి చూపియ్యి.”

రెండుసార్లు అనిపించాను. వెళ్లాను. కుట్టాను. జీతం లేకుండా వెళ్తావా అని మా ఆయన అన్నాడు. కుట్టు వంకరపోతే ఆ మడతలు నావని ఊరంతా చెబుతుంది కదా అన్నాను.

పెట్టె హౌగాంగ్‌లో ఒక హాకర్ సెంటర్ కాలవలో దిగింది. బాక్టీరియా పట్టేదాకా ఆగి, సెన్సర్ కలిపే రోజున నన్ను రమ్మంది. మధ్యాహ్నపు రద్దీ తగ్గింది. గిన్నెలు కడిగే ఆంటీ చేతులకి రబ్బరు తొడుగులతో నిలబడి కాలవలోకి చూసి, “దిస్ వన్ చోప్ ఆ? యూ ఆల్ చోప్ మై డ్రెయిన్?” అంది. ఇక్కడ జనం టిష్యూ పొట్లం పెట్టి కుర్చీ పట్టుకున్నట్టు, మేము ఆవిడ మోరీని పట్టుకున్నామని ఆవిడ ఫిర్యాదు. ఆమె, “యెస్ ఆంటీ, సిక్స్ మంత్స్,” అంది. కాలవ నీళ్లలో మీటరు ముంచి, తెర నాకు చూపించింది. మా అత్తగారి డబ్బాకంటే ఎక్కువే ఉంది.

“నేను ముందే చెప్పాను,” అన్నాను.

“చెప్పినవ్. ఇప్పుడు కొలిచినం.”

తీగ కలిపి, ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. ఆమె ఫోను మధ్యలో పెట్టింది. తను తెచ్చుకున్న కాఫీ తాగలేదు, చల్లారిపోయింది. పాస్ గడువు గురించి ఆమె మాట్లాడలేదు, నేనూ అడగలేదు. గంట కావడానికి ఇంకా కాస్త ఉందనగా ఫోను వెలిగింది. నీళ్ల మురికి ఎంతో చెప్పే ఒక అంకె, అంతే. ఆమె ఆ అంకెని చాలాసేపు చూసి, ఫోను బోర్లించి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. గిన్నెలు కడిగే ఆంటీ వచ్చి, “వై, బాయ్‌ఫ్రెండ్ సే నో?” అని అడిగింది. చేతులు తీయకుండానే ఆమె తల అడ్డంగా ఊపింది. నవ్వుతోంది.

తర్వాత జిడ్డు పట్టి కొన్ని రోజులు కబుర్లు ఆలస్యమయ్యాయి. జిడ్డు ఆపడానికి జల్లెడ పెట్టింది. అదీ కుదరక ఇంకోటి పెట్టింది. ఆరు నెలల తర్వాత రెండో దశ వచ్చింది. ఆమె పాస్ పొడిగించారు. నన్ను మళ్లీ తీసుకుంటారని బాస్ ఒకసారి అన్నాడట. ఇంకా పిలుపు రాలేదు. ఎదురు చూస్తున్నాను.

ఆ పెట్టె కబుర్లు వచ్చే ఫోన్ల జాబితాలో నా నంబరు కలపమని మొదటి రోజే అడిగాను. “కలుపుత అక్కా,” అంది. కలపలేదు. నెలకోసారి గుర్తు చేస్తాను. అప్పుడూ కలుపుతాననే అంటుంది. మోరీలోంచి కబురు వచ్చినప్పుడల్లా మాత్రం, మీటింగులో ఉన్నా, బస్సులో నిలబడి ఉన్నా, ఆ అంకెని తన చేత్తో కొట్టి నాకు పంపుతుంది.